వెనకబడే వాళ్లను ముందు నడవనివ్వండి

ప్రశ్న: మేం అయిదుగురం. నేను, మావారు, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య. ఆవిడకు 64 ఏళ్లు, కుడి మోకాలు అప్పుడప్పుడూ నొప్పి చేస్తుంది. పోయిన నెల ఒక చిన్న కొండ మీద వ్యూ పాయింట్ చూడ్డానికి వెళ్లాం. కింద బోర్డు మీద 2 కిలోమీటర్లు అని ఉంది, 'సులువైన దారి' అని కూడా రాసుంది. సగం దూరం వెళ్లేసరికి బాబు ఇక నడవనని మొండికేశాడు. అత్తయ్య ఒక బండ మీద కూర్చుండిపోయారు. మావారు, పాప అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయారు. వాళ్లు పైనుంచి తిరిగొచ్చేదాకా గంటకు పైగా నేను ఏడుస్తున్న పిల్లాడితో, 'నావల్లే మీకీ ఇబ్బంది' అని బాధపడుతున్న అత్తయ్యతో దారిలోనే ఉండిపోయాను. ఇంటికొచ్చాక పెద్ద గొడవే అయింది. ఇప్పుడు మావారు మళ్లీ వెళ్దామంటున్నారు. పిల్లలకు కొండలూ చెట్లూ అలవాటు చేయాలని నాకూ ఉంది, కానీ తలుచుకుంటేనే టెన్షన్. అత్తయ్యను ఇంట్లో ఉంచి వెళ్లడమే మంచిదా? అసలు మాలాంటి కుటుంబానికి ఇది కుదిరే పనేనా?

జవాబు: కుదిరే పనే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో ఎవరికీ నడకంటే అయిష్టం లేదు, ఒకరంటే ఒకరికి అక్కర లేకపోవడమూ లేదు. ఆ రోజు మీరందరూ వేరొకరి కాళ్ల కోసం వేసిన లెక్కతో కొండ ఎక్కారు. అదొక్కటి మారిస్తే చాలా మారుతుంది.

ముందు ఆ బోర్డు సంగతి చూద్దాం. 2 కిలోమీటర్లు అన్నది సాధారణంగా పోవడానికి మాత్రమే, రాకడ కలిపితే 4. పైగా ఆ అంకె దూరాన్ని చెబుతుందే గానీ ఎంత ఎత్తు ఎక్కాలో చెప్పదు. కొండదారిలో అలుపు తెచ్చేది ఎక్కుడే. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, కొండలెక్కేవాళ్లు ఇవాళ్టికీ దాన్నే వాడుతున్నారు. మన కొలతల్లోకి మారిస్తే సుమారుగా ఇలా ఉంటుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మీ దారి 2 కిలోమీటర్లలో 200 మీటర్లు లేచిందనుకుందాం. దూరానికి 24 నిమిషాలు, ఎత్తుకు 20 నిమిషాలు, మొత్తం 44. అయితే ఇది అలవాటున్న, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. నాలుగేళ్ల పిల్లాడు, మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడ ఉన్నప్పుడు నేను దాన్ని రెండింతలు చేస్తాను. అంటే ఎక్కడానికే గంటన్నర. దిగడానికి అంతకంటే తక్కువ పడుతుందని లెక్కేసుకోను. పైన అరగంట, మధ్యలో ఆగడాలు కలిపితే నాలుగు గంటలు. 'రెండు కిలోమీటర్లేగా' అని బయల్దేరిన మనిషికి, 'నాలుగు గంటల పని' అని బయల్దేరిన మనిషికి ఓపికలో ఎంత తేడా ఉంటుందో మీకు ఇప్పుడు బాగా తెలుసు.

ఎత్తును ఇంకా సులువుగా ఊహించుకోవాలంటే మెట్లలోకి మార్చుకోండి. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. 200 మీటర్లంటే అరవయ్యారు అంతస్తులు. అదే 50 మీటర్లయితే పదహారు, పదిహేడు. దారి ఎంచుకునేటప్పుడు అత్తయ్యను, బాబును మనసులో ఆ మెట్ల ముందు నిలబెట్టి చూడండి, మీకే తెలిసిపోతుంది. నన్నడిగితే ఈసారికి పోనూరానూ కలిపి 2 కిలోమీటర్లు దాటకుండా, ఎక్కుడు 50 మీటర్ల లోపు ఉండేలా చూసుకోండి. ఫోన్లో మ్యాప్ చూసేవాళ్లయితే కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు ఉండే మ్యాప్ తెరవండి. ఆ గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే అక్కడ దారి నిలువుగా లేస్తుందని, దూరంగా ఉంటే మెల్లగా లేస్తుందని అర్థం. మీకు కావలసింది గీతలు దూరదూరంగా ఉన్న దారి, మధ్యలో కూర్చోవడానికి చోటున్న దారి. వీలైతే సగంలోనే ఒక చిన్న చూపు దొరికే మలుపు కూడా ఉండాలి. ఆ మలుపు ఉందంటే, అక్కడ ఆగిపోయినవాళ్లకు కూడా ఆ రోజు ఏదో ఒకటి దక్కుతుంది. వాహనం దాదాపు పైదాకా వెళ్లి, అక్కణ్నుంచి చదునుగా పది నిమిషాలు నడిచే చోట్లు కూడా ఉంటాయి. అది నడకే కాదని అనుకోకండి. నాలుగేళ్ల పిల్లాడికి అది నిండైన నడక.

అంత చిన్న కొండ మీదనుంచి ఏం కనబడుతుందని మీవారు అంటారేమో. అనొచ్చు కూడా, చాలామంది అంటారు. వారికి ఈ లెక్క చూపించండి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మన చూపు ఎంత దూరం పోతుందన్నది మనం ఉన్న ఎత్తు మీద ఆధారపడుతుంది. చుట్టూ చదునైన నేల ఉందనుకుంటే, మీటర్లలో ఎత్తు తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషికి అది నాలుగున్నర కిలోమీటర్లు. 50 మీటర్ల గుట్ట ఎక్కితే 25. 200 మీటర్ల కొండ ఎక్కితే 50. మొదటి 50 మీటర్లు చూపును నాలుగున్నర నుంచి 25కు తీసుకుపోయాయి. ఆ తర్వాత ఇంకో 150 మీటర్లు కష్టపడితే అది రెండింతలే అయింది. పైగా గాలిలో దుమ్ము, తేమ ఉన్న రోజున 25 కిలోమీటర్ల అవతల ఏముందో ఎలాగూ సరిగ్గా కనబడదు. చిన్న గుట్ట మీదనుంచయితే కింద వెళ్లే మనుషులు, చెట్ల పైకొమ్మలు, దారి మలుపులు విడివిడిగా కనబడతాయి. పిల్లలు చూసేది వాటినే. మా పాప చిన్నప్పుడు లోయంతా వదిలేసి, 'మనం ఇందాక నిలబడ్డ చోటు అదే కదూ' అని కింద దారిని వెతుక్కునేది. తను నడిచిన దారి మొత్తం ఒక్క చూపులో కనబడటం పిల్లలకు ఎంత గొప్పగా ఉంటుందో ఆ రోజు తెలిసింది నాకు.

ఏ వేళకు వెళ్లాలన్నది కూడా చూపును బట్టే ఉంటుంది. సూర్యుడు మన వీపు వైపు ఉంటే ఎదురుగా ఉన్న లోయ రంగులతో కనబడుతుంది. కళ్లలోకి కొడుతుంటే అంతా తెల్లగా అలుక్కుపోతుంది. కాబట్టి వ్యూ పాయింట్ పడమరకు తిరిగి ఉంటే ఉదయం, తూర్పుకు తిరిగి ఉంటే మధ్యాహ్నం దాటాక వెళ్లడం మంచిది. అయినా చిన్నపిల్లలున్న ఇంటికి నేను ఉదయాన్నే సిఫారసు చేస్తాను. అప్పుడు పిల్లలు తాజాగా ఉంటారు, ఎండ తక్కువ, ఆలస్యమైనా చీకటి భయం ఉండదు. వాన పడి వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంటుంది గానీ రాళ్లు జారుతుంటాయి, అలాంటి రోజు చదును దారికే వెళ్లండి. పాప 'దూరంగా ఉన్న కొండలు నీలంగా ఎందుకున్నాయి' అని అడుగుతుంది, ఏడేళ్ల పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆకాశం నీలంగా ఉండటానికి ఉన్న కారణమే దీనికీ అని చెప్పండి. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి సూర్యకాంతిలోని నీలం రంగును ఎక్కువగా చెదరగొడుతుంది. ఎంత దూరం ఉంటే మధ్యలో అంత గాలి, అంత నీలం. దూరపు కొండలు నునుపు అన్న సామెత కూడా అప్పుడే చెప్పండి, దగ్గరికొచ్చాక రాళ్లు ఎలా ఉన్నాయో వాళ్లు అప్పటికే చూసి ఉంటారు.

ఇక నడక. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపేసిన మాట 'చాలా ముందుకు వెళ్లిపోయారు' అన్నది. దాదాపు ప్రతి కుటుంబంలోనూ జరిగేది ఇదే. కాళ్లలో బలం ఉన్నవాళ్లు ముందుకు వెళ్లి, ఒక మలుపులో కూర్చుని, వెనకవాళ్ల కోసం చూస్తుంటారు. వెనకవాళ్లు ఆయాసపడుతూ వచ్చి చేరగానే వీళ్లు లేచి నడక మొదలుపెడతారు. అలసిపోని వాళ్లకేమో పది నిమిషాల విశ్రాంతి, అలసినవాళ్లకేమో అర నిమిషం. ఇలా మూడు మలుపులు జరిగితే ఎవరైనా బండ మీద కూర్చుండిపోతారు. అది మోకాలి వల్ల మాత్రమే కాదు. ఎంత నడిచినా అందుకోలేకపోతున్నామన్న బాధ ఒంటి అలసటకంటే ముందు మనిషిని కుంగదీస్తుంది.

అందుకే ఈసారి అత్తయ్యను ముందు నడవనివ్వండి. ఆవిడ చేయి పట్టుకుని బాబు, లేదా ఆవిడ వెనకే బాబు. మిగతావాళ్లంతా వాళ్ల వెనక. ఎవరూ ఆవిడను దాటకూడదు. పాపకు పరుగెత్తాలని ఉంటే ఆ శక్తిని వేరే పనిలో పెట్టండి. దారి గుర్తులు కనిపెట్టి నానమ్మకు చెప్పడం, రెండు దార్లు చీలిన చోట ఆగి అందరూ వచ్చారో లేదో లెక్కపెట్టడం తన బాధ్యత అని చెప్పండి, ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడండి. మొదటి పది నిమిషాలు మరీ నెమ్మదిగా, 'ఇంత నెమ్మదా' అనిపించేలా నడవండి. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగి ఊపిరి కోసం ఆగాల్సి వస్తుంటే ఎక్కువైనట్టు. ఎవరైనా అడిగేదాకా చూడకుండా, పదిహేను, ఇరవై నిమిషాలకోసారి అందరూ ఆగి నీళ్లు తాగండి. ఆగుదామని తనంతట తాను అడగడం మీ అత్తయ్యలాంటి వాళ్లకు చాలా కష్టం. వేళ ప్రకారం ఆగితే ఆవిడ ఎవర్నీ అడగక్కర్లేదు.

బాబు సంగతి వేరు. వాడికి వ్యూ పాయింట్ అంటే ఏమిటో ఇంకా తెలియదు. పెద్దవాళ్లకు దారి అంటే పైకి చేరడానికి ఉన్న అడ్డం. నాలుగేళ్ల పిల్లాడికి దారిలో ఉన్న చీమల బారు, నున్నటి రాయి, తొర్ర ఉన్న చెట్టు ఇవే ఊరంత. మీరు ఒక అడుగు వేస్తే వాడు దాదాపు రెండు వేయాలి. అంటే వాడి లెక్కలో ఆ రోజు మీకంటే రెండింతలు నడిచాడు. మొండికేశాడని అన్నారు గానీ, బహుశా వాడు నిజంగానే అలసిపోయాడు, లేదా ఆకలేసింది, లేదా రాళ్లు చూడనివ్వకుండా లాక్కుపోతుంటే విసుగొచ్చింది. వాడికి చూసుకునే సమయం ఇవ్వండి. 'ఇంకొంచెమే, వచ్చేశాం' అని అబద్ధం చెప్పకండి. రెండోసారికి నమ్మడు, మూడోసారికి కూర్చుంటాడు. కంటికి కనబడేదాన్ని చూపించండి: 'ఆ వంగిన చెట్టు దాకా వెళ్దాం, అక్కడ నీళ్లు తాగుదాం.' చెట్టు దగ్గర నిజంగానే ఆగి నీళ్లివ్వండి. ఆకలి అనకముందే కొంచెం కొంచెంగా ఏదైనా పెడుతూ ఉండండి. ఏడుపు మొదలయ్యాక పెడితే తినడు.

ఎత్తుకోవాల్సి రావడం ఖాయం, దానికి ముందే సిద్ధపడండి. ఆ వయసు పిల్లలు పదిహేను కిలోలకు అటూ ఇటూ ఉంటారు. చంకనేసుకుని కొండ దిగితే మీ పాదం ఎక్కడ పడుతుందో మీకే కనబడదు. భుజాల మీద కూర్చోబెట్టుకుంటే బరువంతా పైకి చేరి, జారితే ఇద్దరూ పడతారు. వీపున కట్టుకునే క్యారియర్ ఎవరి దగ్గరైనా దొరికితే తీసుకోండి, లేకపోతే బాబు నడవగలిగినంత దూరమే ఆ రోజు నడక అనుకోండి. ఎక్కేటప్పుడే వాడు సగం దూరం చేతుల్లో ఉంటే ఆ దారి ఇంకా వాడికి పెద్దదన్నమాట. ఒక సంవత్సరం ఆగితే అదే దారిలో వాడే ముందు పరుగెడతాడు.

అత్తయ్య మోకాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఎక్కడానికే భయపడతారు, అసలు కష్టం దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు పని చేస్తాయి, ఆగితే కుదుటపడతాయి. దిగేటప్పుడు తొడ ముందరి కండరం సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేస్తూ ఉండాలి. ఆ పని కండరానికి చాలా కష్టం, మోకాలి చిప్ప మీద ఒత్తిడి కూడా అప్పుడే పెరుగుతుంది. అందుకే ఎక్కిన రోజు బాగానే ఉండి, మర్నాడూ ఆ మర్నాడూ కాళ్లు పట్టేస్తాయి. ఆవిడ సగం దూరంలో కూర్చుండిపోవడం ఒకందుకు మంచిదే అయింది, దిగడానికి కావలసిన బలం మిగుల్చుకున్నారు.

ఆవిడకు ఒక మంచి కర్ర కావాలి. ట్రెక్కింగ్ పోల్ అయినా, నున్నటి గట్టి కర్ర అయినా ఫర్వాలేదు, కింద రబ్బరు బిరడా ఉంటే రాళ్ల మీద జారదు. నొప్పి కుడి మోకాలికి కాబట్టి ఒకటే కర్ర అయితే ఎడమ చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అప్పుడు బరువంతా ఆ కాలి వైపే ఒరుగుతుంది. ఎత్తు మెట్లలాంటి రాళ్లు వస్తే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు. దిగుతున్నప్పుడు అంగలు చిన్నవిగా, మోకాళ్లు కొంచెం వంచి ఉంచాలి. ఎవరైనా ఆవిడకు ఒక అడుగు కిందుగా, పక్కన ఉండాలి. చెప్పులు వద్దు, మడమ పట్టి ఉంచే, అడుగున గాళ్లున్న షూ వేసుకోమనండి. కొత్తవి అయితే ఇంట్లో ఓ వారం వేసుకుని తిరిగాకే. మోకాలు వాస్తున్నా, మధ్యలో పట్టేసి కదలకపోతున్నా, నడుస్తుంటే ఒక్కసారిగా వదిలేసినట్టు అవుతున్నా ముందు డాక్టరుకు చూపించండి. అలాంటివేం లేకపోతే రెండు, మూడు వారాల పాటు రోజూ అరగంట నడక, వారానికి రెండుసార్లు కొన్ని మెట్లు ఎక్కి దిగడం చేయించండి. మీరూ పక్కనే నడవండి. మెట్లు దిగిన మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉందో ఆవిడే చెబుతారు, ఏ కొండకు వెళ్లవచ్చో దాన్ని బట్టి తేలుతుంది.

మీవారితో మాట్లాడాల్సింది ఒకటే, అదీ బయల్దేరే ముందు ఇంట్లో. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. 'పదిన్నరకు ఎక్కడున్నా వెనక్కి' అని. పది నిమిషాల దూరంలో శిఖరం కనబడుతున్నా సరే. అక్కడికి వెళ్లాక నిర్ణయించుకుందాం అంటే ఎవరూ వెనక్కి తిరగరు, కళ్లముందు పైభాగం ఊరిస్తూ ఉంటుంది. వారికి గట్టిగా నడవాలని ఉంటే అది న్యాయమైన కోరికే. పాపను తీసుకుని, లేదా ఒంటరిగా, ఇంకో రోజు పెద్ద కొండకు వెళ్లమనండి. రెండు కోరికల్నీ ఒకే ఉదయంలో తీర్చుకోబోతేనే పోయిన నెల జరిగినట్టు అవుతుంది.

బ్యాగులో ఏం పెట్టుకోవాలో పెద్ద జాబితా అక్కర్లేదు. నీళ్లు పెద్దవాళ్లకు గంటకు అర లీటరు లెక్కన, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి పంచుకుని మోయండి. తినడానికి ఏమైనా, టోపీలు, ఒక చిన్న టార్చి, ఫుల్ చార్జింగ్ ఉన్న ఫోను, దెబ్బలకు కట్టు కట్టే సామాను, అత్తయ్య రోజూ వేసుకునే మందులు. అందరికీ ఒక పల్చటి పైవస్త్రం తప్పనిసరి. 200 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత తగ్గేది ఒక డిగ్రీ పైచిలుకే, కానీ చెమటతో తడిసిన ఒంటికి పైన గాలి తగిలితే పిల్లలు వెంటనే వణుకుతారు. పాపకో చిన్న బ్యాగు ఇవ్వండి, తన నీళ్ల సీసా తనే మోస్తుంది. చెత్తకు ఒక ఖాళీ సంచి పెట్టుకోండి, పళ్ల తొక్కలతో సహా అన్నీ అందులో కిందికి రావాలి. ఇంట్లో ఉన్న ఎవరికో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి.

పైకి చేరాక జాగ్రత్త గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. దారి పొడుగునా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచిన వాళ్లు వ్యూ పాయింట్ రాగానే 'హమ్మయ్య' అని బ్యాగులు దించి, ఫోన్లు తీస్తారు. అంచు ఉన్నది అక్కడే. మా పాపకు అయిదేళ్లప్పుడు అలాంటి చోటే నేను వంగి షూ లేసు కట్టుకుంటున్నాను, మా తమ్ముడు ఫొటో తీస్తున్నాడు. తను చూస్తున్నాడని నేను, నేను చూస్తున్నానని తను. తలెత్తేసరికి పాప అంచుకు రెండడుగుల దూరంలో నిలబడి చేతులు చాపి పక్షిని చూస్తోంది. ఏమీ జరగలేదు. కానీ పన్నెండేళ్లయినా ఆ రెండడుగులు నాకింకా కళ్లముందే ఉన్నాయి. అప్పట్నుంచీ మా ఇంట్లో మాటల్లో చెప్పుకుంటాం: 'పాప నీది', 'సరే, నాది.' ఒక పిల్లకు ఒక పెద్ద మనిషి, పేరు పెట్టి. మార్చుకోవాలంటే మళ్లీ నోటితో చెప్పి మార్చుకోవాలి. మీ ఇంట్లో మీకు బాబు, మీవారికి పాప. అత్తయ్యకు ఏ పిల్లనూ అప్పగించకండి, మోకాలు బాగాలేని మనిషి పరుగెత్తే పిల్లను అందుకోలేరు.

పిల్లలు వెళ్లకముందే ఒకరు వెళ్లి చోటు చూసి రావాలి. రెయిలింగ్ ఉందా, ఉంటే గట్టిగా ఉందా, దాని సందుల్లోంచి బాబు దూరగలడా చూడాలి. అంచు దగ్గర బండ కింద బోలుగా ఉండొచ్చు, పైనుంచి తెలియదు. బండ మీద పడి ఉన్న సన్నటి గులకరాళ్లు కాలి కింద గోళీల్లా దొర్లుతాయి. రెయిలింగ్ లేకపోతే, పెద్దవాళ్లు చేయి చాపినా అందనంత వెనక ఒక గీత అనుకుని, ఆ గీత ఇవతల అందరూ కూర్చునే చూడాలి. కూర్చున్న మనిషి తూలి పడడు. బాబును వేళ్లతో కాకుండా మణికట్టు దగ్గర పట్టుకోండి, చెమట చేతుల్లోంచి వేళ్లు జారిపోతాయి. ఫొటో తీసేవాళ్లు తీసేటప్పుడు కదలకూడదు, ఫొటో దిగేవాళ్లు వెనక్కి నడవకూడదు. 2011 నుంచి 2017 దాకా ప్రపంచవ్యాప్తంగా వార్తల్లో వచ్చిన సెల్ఫీ మరణాలను లెక్కపెట్టిన ఒక పరిశోధన 259 మంది చనిపోయినట్టు తేల్చింది. ఎత్తు నుంచి పడటం అందులో ముఖ్యమైన కారణాల్లో ఒకటి. పాపకు ఈ అంకె చెప్పి భయపెట్టక్కర్లేదు, పెద్దవాళ్లు గుర్తుంచుకుంటే చాలు.

ఉరుము వినబడితే మాత్రం చూపు గురించి మర్చిపోండి. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోపు 30 సెకన్లు లెక్కపెట్టలేకపోతే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. వెంటనే ఎత్తు నుంచి దిగిపోవాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ పైకి రాకూడదు. సాయంత్రం పూట అయితే చేయి చాపి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్లు మిగిలాయంటే అస్తమయానికి గంటే ఉంది, చెట్ల మధ్య దారి అంతకంటే ముందే చీకటి పడుతుంది.

పిల్లలిద్దరి మెడలోనూ చెరొక ఈల వేయండి. 'మేం కనబడకపోతే ఉన్నచోటే ఒక చెట్టు పట్టుకుని నిలబడు, ఈల ఊదుతూ ఉండు, మేమే వస్తాం' అని ఇంట్లోనే రెండుసార్లు ఆడించి నేర్పండి. తప్పిపోయిన పిల్లలు వెతుక్కుంటూ నడిచేకొద్దీ దూరమైపోతారు. ఏడుపుకంటే, అరుపుకంటే ఈల చాలా దూరం వినబడుతుంది, ఊదడానికి ఓపికా తక్కువే పడుతుంది. ఊరికే ఊదకూడదన్న నియమం పాపకు అర్థమవుతుంది. బాబు దారి పొడుగునా ఊదుతూనే ఉంటాడు, మొదటి రోజు ఊదనివ్వండి.

ఇక అత్తయ్యను ఇంట్లో ఉంచాలా అన్న మీ ప్రశ్న. ఆవిడకు ఇష్టమైతే వద్దు, తప్పకుండా తీసుకెళ్లండి. 'నావల్లే మీకీ ఇబ్బంది' అన్న మనిషిని ఈసారి ఇంట్లో వదిలి వెళ్తే, ఆ మాటకు మీరంతా ఔనన్నట్టే అవుతుంది. కానీ 'మీరు రాగలరా అత్తయ్యా' అని అడగకండి. ఆ ప్రశ్నకు ఆవిడ మీ మొహం చూసి జవాబు చెబుతారు, మోకాలిని అడిగి కాదు. రెండు, మూడు దార్లు చూసి పెట్టుకుని, వాటి గురించి ఉన్నదున్నట్టు చెప్పండి: ఇది చదును, ఇరవై నిమిషాలు, మధ్యలో కూర్చోవడానికి రెండు చోట్లున్నాయి. ఇది కొంచెం ఎక్కుడు, దిగేటప్పుడు రాళ్లు. ఎంచుకోవడం ఆవిడకే వదిలేయండి. ఆవిడ ఎంచుకున్న దారికే అందరూ వెళ్లండి, మీవారికి అది చప్పగా అనిపించినా సరే. నడకలో ఎప్పుడు తిరుగుదామన్నా వెంటనే తిరుగుదామని ఆవిడ ముందే మీవారి చేత చెప్పించండి. కొడుకు నోటి నుంచి ఆ మాట వినాలి ఆవిడ.

ఒకవేళ నాకు రావాలని లేదు, ఇంట్లో హాయిగా ఉంటాను అంటే అదీ నమ్మండి, బలవంతం చేయకండి. అయితే ఇందాక చెప్పిన రోజువారీ నడక మాత్రం మీరూ అత్తయ్యా మానకండి. రేపటి నుంచే మొదలుపెట్టండి, అరగంట చాలు.